పుట్టిని ఎంచే నేర్పు
తుంగభద్ర, కృష్ణ వంటి నదుల రాతి మడుగులలో కొందరు కలిసి ప్రయాణించదలచినప్పుడు తగినది పుట్టి, అనగా వెదురు బద్దలను బుట్టవలె అల్లి, పూర్వం తోలుతోను, ఇప్పుడు తారు పూసిన ప్లాస్టిక్ పట్టాతోను కప్పే గుండ్రని నావ. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఇటువంటి నావలు 15, 20 మందిని మోయగలవనీ, తిన్నగా సాగక గిరగిర తిరుగుతూ పోతాయనీ వ్రాశాడు. ఆ తిరుగుడు లోపమనిపించినా, అడుగు చదునుగా ఉండి కొద్దిపాటి నీటిలోనే తేలడం వల్ల పుట్టి బండల మీదుగా సునాయాసంగా జారిపోతుంది. దానిని ఒకే తెడ్డుతో, ముందువైపు నీటిని తనవైపు లాక్కుంటూ దారికి తెచ్చే మనిషి పనితనం నిజంగా అబ్బురమైనది.

ఎంపికలో అతని చూపు మొదట అడుగు అల్లికపై నిలుస్తుంది: బద్దలు బిగువుగా ఉన్నవో లేవో మడమతో నొక్కి చూసి, పుట్టిని ఎండకు ఎత్తిపట్టి, లోపలినుంచి సూదిమొనంత వెలుగు కనబడినా అక్కడ మళ్లీ తారు పట్టిస్తాడు. అంచు కట్టు, అనగా అల్లిక కొసలను మడిచి బిగించే వెదురు వలయం, సడలితే ఎంత కొత్త పట్టా వేసినా ప్రయోజనం లేదు. లైఫ్ జాకెట్లు తొడుక్కుని అందరూ చుట్టూ సమంగా కూర్చున్నాక నీటిమట్టానికి పైన జానెడు అంచు మిగలకపోతే, అతడు బేరం సంగతి మరిచి రెండవ పుట్టిని తెప్పిస్తాడు.