మక్కలతోనే గుడ్డు రాదు

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అయినా అంగడిలో ఎవరు కలిసినా అడిగేది ఒక్కటే: "మక్కలు కడుపునిండ వేస్తున్న, గిన్నీ కోళ్లు గుడ్డు పెడ్తలేవేందన్నా?"

మక్కలు పండే ఊళ్లలో మక్కలే వేస్తారు, తప్పేం లేదు. కానీ లెక్క చూడండి. గిన్నీ గుడ్డు సుమారు 40 గ్రాములు, అందులో మాంసకృత్తులు 5 గ్రాముల దాకా. కోడి రోజుకు 90 గ్రాముల మక్కలు తిన్నా దక్కేది 8 గ్రాములే. ఒళ్లు నిలబడాలన్నా, ఈక మొలవాలన్నా అందులోంచే. పైగా మక్కల్లో లైసిన్, ట్రిప్టోఫాన్ తక్కువ. గుడ్ల కోడి దాణాలో 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు ఉండాలనేది అందుకే.

దీనికితోడు ఎండ. గిన్నీ కోడి పొద్దు పెరిగేకొద్దీ గుడ్లకు వస్తుంది; మార్చి నుంచి సెప్టెంబరు దాకా దాని కాలం. జగిత్యాలలో 44 డిగ్రీలు దాటే రోజులూ అందులోనే. ఆ వేడికి కోడి నీళ్ల చుట్టే తిరుగుతుంది, మేత ముట్టదు. తినేది తగ్గినప్పుడు తిన్నదాంట్లోనే బలం పెంచాలి. తెల్లవారుజామున ఒకసారి, ఎండ వాలాక ఒకసారి వేస్తాను. నడుమ వేస్తే పిచ్చుకల పాలే.

మేతలో ఆ బలం పెంచేది నూనెగింజల చెక్క. జగిత్యాల వైపు ఎండాకాలం నువ్వులు పండిస్తారు. పొలాస పరిశోధన స్థానం ‘జగిత్యాల తిల్-1’ రకాన్నే ఇచ్చింది. ఆ నువ్వుల చెక్కలో మెథియోనిన్ దండిగా ఉంటుంది, లైసిన్ తక్కువ. సోయా చెక్కలో లైసిన్ ఎక్కువ. రెండూ మక్కల్లో కలిస్తేనే పని. పల్లి చెక్కంటే నాకు గుబులు. ముక్క విరిచి చూస్తాను, బూజు జాడ కనబడితే పెంట మీదికే, అఫ్లాటాక్సిన్‌తో ఆటలొద్దు.

వానలు పడ్డాక ఖర్చు తగ్గుతుంది. పాత కుండలో తడిపిన పేడ, గోనెముక్క కుక్కి పుట్ట దగ్గర బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు. కుండ ఎత్తిన చప్పుడుకే కోళ్లు పరుగెత్తుకొస్తాయి. సిరిసిల్లలో మరమగ్గాల సందుల్లో పెంచేవాళ్లకు ఈ భాగ్యం లేదు. గిన్నీ కోళ్ల అరుపులకు పక్కింటివాళ్లతో లొల్లి, మిడతల కోసం వదిలే జాగా ఉండదు. తొట్టిలో పోసిందే అక్కడి కోళ్లకు బతుకు.

కార్తీకంలో చెక్క బస్తాలు కొనేవాళ్లనైతే ఆపుతాను. పొద్దు చిన్నదైనప్పుడు ఎంత మేపినా కొవ్వే పడుతుంది. ఆ పైసలు దాచి, ఫిబ్రవరిలో దాణా మార్చండి.