తలుపు పిడి ఉంది, ఫైర్ రేటింగ్ ఏదీ?

భవనం డిజిటల్ మోడల్ చేతికి రాగానే నేను మొదట చేసే పని చెరపడం. తలుపు పిడులు, కొళాయిలు, రెయిలింగ్ బోల్టులు... ఆర్కిటెక్టు ముచ్చటపడి పెట్టుకున్నవన్నీ తీసేస్తాను. మంటల సిమ్యులేషన్‌కు అవి దండగ బరువు.

రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన మోడల్‌ను, పలు సాఫ్ట్‌వేర్లు చదవగల ఐఎఫ్‌సీ ఫైలుగా మార్చి పైరోసిమ్ లాంటి మంటల సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోవడం ఇప్పుడు తేలికే. గోడలన్నీ మళ్లీ గీసే చాకిరీ తప్పింది. లోపల లెక్కలు కట్టేది మాత్రం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000లో ఉచితంగా విడుదల చేసిన ఎఫ్‌డీఎస్ అనే ప్రోగ్రామ్. దానికి భవనమంటే గళ్లు గళ్ల పెట్టె. ఏటవాలు కప్పు కాస్తా మెట్లు మెట్లుగా మారిపోతుంది. 20 సెంటీమీటర్ల గడి వేస్తే, కేబుళ్ల కోసం గోడకు కొట్టిన 5 సెంటీమీటర్ల కంత దాని కంటికి ఆనదు. పోనీ గడిని సగం చేద్దామా అంటే పట్టే సమయం దాదాపు 16 రెట్లు! శుక్రవారం సాయంత్రం వదిలి వెళ్లిన రన్ సోమవారానికీ తెమలదు.

అంతకన్నా పెద్ద చిక్కు, చాలాసార్లు ఆ కంత మోడల్‌లోనే ఉండదు. మెట్ల తలుపుకు ఇటుక అడ్డం పెట్టి బార్లా తెరిచి ఉంచుతారన్న సంగతీ ఉండదు. సోఫా ఆకారం మిల్లీమీటరు తేడా లేకుండా ఉంటుంది, అందులో ఏ ఫోమ్ కుక్కారో ఎవరూ రాయరు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో స్టేషన్ నైట్‌క్లబ్ తగలబడి 100 మంది చనిపోయారు. వేదిక చుట్టూ గోడలకు అంటించిన పాలీయూరిథేన్ ఫోమ్‌కు బాణసంచా నిప్పు అంటుకుంది. నిస్ట్ దర్యాప్తులో ఎఫ్‌డీఎస్‌నూ వాడారు. అంతటితో ఊరుకోక, వేదిక నమూనా అదే కొలతల్లో కట్టి నిజంగానే తగలబెట్టి చూశారు. ఫోమ్ ఎంత జోరుగా మండుతుందో గోడ కొలతలు చెప్పవు మరి.

ఐఎఫ్‌సీలో తలుపుకు ఫైర్ రేటింగ్ (మంటను ఎంతసేపు తట్టుకుంటుంది), సెల్ఫ్ క్లోజింగ్ (దానంతటదే మూసుకుంటుందా), స్మోక్ స్టాప్ (పొగను ఆపుతుందా) అని వివరాలు నింపే చోట్లు ఉన్నాయి. నాకు వచ్చే ఫైళ్లలో అవి చాలావరకు ఖాళీ. హైదరాబాద్‌లో కూర్చుని దేశదేశాల భవనాలకు ఇలాంటి డిజిటల్ (బిమ్) మోడళ్లు గీసే మన పిల్లలకు నాదో మనవి. బాత్రూమ్ అద్దం ఫ్రేము మీద పెట్టే అరగంటలో కొంత ఆ ఖాళీల మీద పెట్టండి. రేటింగ్ తెలియకపోతే ఊహించి రాయకండి, క్లయింటును అడగండి.