సూదికి హాల్‌మార్కు లేదు

చెన్నై త్యాగరాయ నగర్‌లో పానగల్ పార్కు చుట్టూ, ఉస్మాన్ రోడ్డు పొడవునా ఉన్న నగల దుకాణాలకు నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలే కాక నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు వారు కూడా పెళ్లి బంగారం కోసం వస్తుంటారు. ఆ పేట పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది, ఆ పార్కు పేరు పానగల్ రాజాది. ఇద్దరూ తెలుగువారే, ఇద్దరూ జస్టిస్ పార్టీ నాయకులే. అక్కడ నగ కొనేవారు 916 ముద్రను భూతద్దంలో చూపించమంటారు, తరుగు ఎంత, మజూరీ ఎంత, రాళ్ల బరువు తీసేశారా లేదా అని ఒకటికి నాలుగుసార్లు అడుగుతారు. అయితే అదే దుకాణంలోనో, నాలుగు గుమ్మాల అవతలో ఏడాది నిండని పిల్లకు చెవులు కుట్టేటప్పుడు మాత్రం, ఆ సూది అంతకు ముందు మరెవరి చెవిలోనైనా దిగిందా, కుట్టే మనిషి చేతులు కడుక్కున్నాడా అన్న మాట వారి నోట రావడం అరుదు. బంగారంలో కలిసే రాగి మీద ఉన్న అనుమానంలో పదోవంతు సూది మీద ఉంటే, పొక్కిన చెవులతో, చీము పట్టిన ముక్కులతో వైద్యుడి దగ్గరికి వెళ్లవలసినవారి సంఖ్య ఎంతో తగ్గుతుంది.

బంగారు నగలకు హాల్‌మార్కును ప్రభుత్వం 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి చేసింది, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య లేకుండా అమ్మకూడదని కూడా నియమం పెట్టింది. కాని రెండు గ్రాముల లోపు వస్తువులకు ఈ నిర్బంధం లేదు. పసిబిడ్డ చెవికి పెట్టే పోగుల బరువు చాలాసార్లు అంతకంటె తక్కువే ఉంటుంది కనుక, మెడలో పైపైన వేలాడే హారానికి ఉన్న పరీక్ష పచ్చి గాయంలో వారాల తరబడి ఉండే పోగుకు లేదు.

చెవి కుట్టడం గాయం చేయడమేనన్న ఎరుక ప్రాచీన భారతీయ వైద్యానికి స్పష్టంగా ఉంది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని 16వ అధ్యాయం ఈ విషయానికే కేటాయించినది. పిల్లకు ఆరో నెలలో గాని ఏడో నెలలో గాని, దాది ఒడిలో కూర్చోబెట్టి, ఆటవస్తువులతో మరిపిస్తూ, వైద్యుడు ఎడమచేత్తో చెవి తమ్మెను, అంటే చెవి కింద మెత్తగా వేలాడే భాగాన్ని లాగి పట్టుకోవాలని, సూర్యకాంతి ఆ తమ్మెలోంచి ప్రసరించినప్పుడు పలచగా కనిపించే సహజమైన చోటును గుర్తించి, కుడిచేత్తో నిదానంగా, వంకర లేకుండా కుట్టాలని అందులో ఉంది. తమ్మె పలచనైతే సూదితో, మందమైతే ఆరతో, అంటే తోలు కుట్టే లావు మొన సాధనంతో కుట్టమంటుంది. రక్తం ఎక్కువగా వచ్చినా, నొప్పి మితిమీరినా తప్పు చోట కుట్టినట్టు తెలుసుకోమంటుంది. తగలకూడని మూడు సిరలకు పేర్లు చెప్పి, ఒక్కొక్కటి తెగితే వచ్చే ఉపద్రవాన్ని వర్ణిస్తుంది. కుట్టిన తరవాత నూనెలో తడిపిన దూది వత్తి పెట్టి, మూడేసి రోజులకొకసారి ఇంకొంచెం లావు వత్తిని మార్చుతూ రంధ్రాన్ని పెంచాలని చెప్పి, ఆపైన తెగిపోయిన తమ్మెలను అతికే 15 పద్ధతులను కూడా వివరిస్తుంది. ఇందులో నూనె వత్తిని నేడు అనుసరించనక్కరలేదు, అనుసరించకూడదు కూడా. కాని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడడం, కుట్టిన తరవాతి రోజులను కూడా కుట్టే పనిలో భాగంగానే లెక్కించడం అన్న రెండు సూత్రాలు నేటి నగల దుకాణపు తొందరలో కనిపించకుండా పోయాయంటే బాధ కలుగుతుంది.

వైద్యుడి నుంచి ఈ పని కంసాలి చేతికి వచ్చింది. మేనమామ ఒడిలో కూర్చున్న బిడ్డకు కంసాలి చెవులు కుట్టే పద్ధతిని దగ్గరగా చూస్తే అందులో ఉన్న నేర్పు బోధపడుతుంది. సన్నని బంగారు తీగ ఒక కొనను అతడు ఆకురాయితో మొనదేలేలా సానపడతాడు, రెండు తమ్మెల మీద సరిసమానమైన ఎత్తులో చుక్క పెట్టి, ఎదురుగా నిలబడి ఒకసారి సరిచూస్తాడు, బిడ్డ తల కదలని క్షణంలో ఆ తీగనే సూదిగా దించి, కొనను పట్టుకారుతో చుట్టి వలయం చేస్తాడు. కుట్టే సాధనమూ పెట్టే నగా ఒకటే కావడం వల్ల, ఒకరి రక్తం తాకిన మొన మరొకరి చెవిలో దిగే అవకాశం ఆ పద్ధతిలో తక్కువ. అయినా తీగను తాకిన ఆకురాయి, పట్టుకారు, వేళ్లు మాత్రం అందరికీ ఒకటే కనుక, ఆ పద్ధతిని శుభ్రమైనదని మెచ్చుకుని ఊరుకోవడం న్యాయం కాదు. కంసాలి చేతి నిదానానికి ఆసుపత్రి శుభ్రత తోడైతేనే అది పూర్తి విద్య అవుతుంది.

జరిగినది అది కాదు. చేతి నిదానం పోయి, దాని స్థానంలో 'గన్ షాట్' అని పిలిచే యంత్రం వచ్చింది. స్ప్రింగు బలంతో పనిచేసే ఈ పరికరం పదునైన సూదితో దారి చేయకుండా, పెద్దగా పదును లేని కమ్మ మొననే బలవంతంగా చెవి కణజాలంలోకి నెట్టుతుంది, అందువల్ల అది తెగడానికి బదులు నలుగుతుంది. పరికరంలో చాలా భాగం ప్లాస్టిక్కు కావడంతో దానిని ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరిలో పరికరాలను క్రిమిరహితం చేసే పాత్రలో పెట్టడానికి వీలుకాదు. స్పిరిట్ దూదితో తుడిచినంత మాత్రాన, కంటికి కనిపించని రక్తపు తుంపరలు దాని సందుల్లోంచి పూర్తిగా పోవు. చెవి పై అంచున కుట్టేటప్పుడు ఇది మరీ ప్రమాదకరం. ఆ అంచు లోపల ఉండేది మృదులాస్థి, అంటే ఎముకలా గట్టిపడని మెత్తని ఆధార కణజాలం. దానికి సొంత రక్తనాళాలు లేవు, పైన కప్పిన పలచని పొర నుంచే దానికి పోషణ అందుతుంది. ఆ పొర నలిగి, సూడోమోనాస్ వంటి సూక్ష్మజీవి చేరితే, రక్తంతో పాటు వచ్చే మందు కూడా అక్కడికి సరిగా చేరదు, చెవి ఆకారమే ముడుచుకుపోవచ్చు. మన అమ్మమ్మలు బావిలీలు పెట్టుకున్నది ఆ అంచునే కనుక అది కొత్త సరదా కాదు, కాని అక్కడ యంత్రంతో కుట్టడం మాత్రం కొత్త ప్రమాదమే. అమెరికాలో 1994లో ఏర్పడిన వృత్తి పియర్సర్ల సంఘం ఈ యంత్రాన్ని వ్యతిరేకించి, ఒక్కసారి వాడి పారేసే బోలు సూదినే సమ్మతిస్తుంది.

ఆటోక్లేవ్ అంత అందని వస్తువేమీ కాదు. 1879లో ఫ్రాన్సులో షార్ల్ షాంబెర్లాఁ రూపొందించిన ఈ పాత్ర పనిచేసే సూత్రం వంటింటి ప్రెషర్ కుక్కరు సూత్రమే: చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్ల అదనపు ఒత్తిడిలో ఆవిరి 121 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, ఆ వేడిమిలో 15 నుంచి 20 నిమిషాలు ఉంచితే, మరిగే నీటిలో చావని బాక్టీరియా బీజాలు కూడా నశిస్తాయి. నీళ్లలో మరిగించిన సూదిని క్రిమిరహితమని అనలేకపోవడానికి కారణం ఇదే. బంగారపు వన్నెను క్షణాల్లో చెప్పే ఖరీదైన యంత్రాన్ని కొనగలిగిన దుకాణం ఒక ఆటోక్లేవ్‌ను, సూదులు పారేయడానికి గుచ్చుకోని గట్టి డబ్బాను కొనలేదని ఎవరూ నమ్మరు; అడిగేవారు లేక కొనడం లేదు, అంతే. ఇంగ్లండులో చెవులు కుట్టే స్థలాలు స్థానిక సంస్థ వద్ద నమోదు కావలసిన ఏర్పాటు 1982 నాటి చట్టంతోనే వచ్చింది. తమిళనాడులో 2024 డిసెంబరులో తిరుచ్చిలోని ఒక టాటూ దుకాణం నాలుకలు చీల్చే పనికి దిగి అధికారులు మూసివేసినప్పుడు గాని ఈ రంగం మీద పత్రికల దృష్టి పడలేదు; రోజూ కుట్టే వేల చెవులు వార్త కావు.

రక్తం ద్వారా వ్యాధి సోకుతుందన్న భయం చెన్నైకి కొత్త కాదు. భారతదేశంలో హెచ్‌ఐవీని మొదటిసారి గుర్తించినది ఈ నగరంలోనే, 1986లో, మద్రాసు మెడికల్ కాలేజీ సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు సునీతి సోలమన్ బృందం. ఆ తరవాతి సంవత్సరాల్లో మంగలి దుకాణంలో కొత్త బ్లేడు అడగడం, ఆసుపత్రిలో కొత్త సిరంజి అడగడం సామాన్యులకు అలవాటైంది, చెవులు కుట్టే చోటికి మాత్రం ఆ అలవాటు చేరలేదు. నిజానికి కుట్టే సూది విషయంలో ఎక్కువ భయపడవలసినది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి గురించి. ఆ వైరస్ ఎండిన రక్తంలో, శరీరం బయట, కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. దీనికి టీకా ఉంది. హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా ఈ టీకాను తెచ్చి దాని ధరను సామాన్యులకు అందేలా దించిన సంగతి తెలుగువారు గర్వపడదగినది. జాతీయ టీకా కార్యక్రమంలో ఇది దేశమంతటా విస్తరించినది 2011లో కనుక, అంతకు ముందు పుట్టి ఇప్పుడు ముక్కో బొడ్డో కుట్టించుకోబోయే యువతీయువకులు తాము ఈ టీకా వేయించుకున్నారో లేదో ఇంట్లో అడిగి తెలుసుకోవాలి.

పసిపిల్లల విషయంలో వయసు ముఖ్యం. ధనుర్వాతానికి, హెపటైటిస్-బికి కూడా రక్షణనిచ్చే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు మూడు మోతాదులుగా పడుతుంది. అది పూర్తయ్యాకే చెవులు కుట్టించడం మంచిది. సుశ్రుతుడు చెప్పిన ఆరో నెల ఈ లెక్కకు చక్కగా కుదురుతుంది. పురిటి పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో ముహూర్తం పెట్టినవారు దానిని నాలుగు నెలలు జరిపితే శాస్త్రానికీ సంప్రదాయానికీ లోటు రాదు.

పెట్టే లోహం గురించి కొంత చెప్పాలి. నికెల్ అన్న లోహం పడని శరీరాలు అనేకం, అది పచ్చి గాయంలో పడినప్పుడు ఆ పడకపోవడం జీవితాంతం నిలిచే ఎలర్జీగా స్థిరపడుతుంది. యూరోపియన్ యూనియన్ 1994లోనే దీని మీద నిబంధన తెచ్చింది. చిలకలపూడి రోల్డు గోల్డు నగ చీర మీదికి ఎంత అందమైనదైనా, పూత అరిగాక బయటపడే లోహం కొత్త రంధ్రానికి పనికిరాదు. గాయం మానేదాకా శరీరంలో అమర్చడానికి తగిన టైటానియం గాని, నమ్మకమైన మేలిమి బంగారం గాని ఉండాలి, వాపుకు చోటు ఉండేలా కాడ కాస్త పొడవుండాలి. బిగుతుగా బిగించిన వెనక మర వాచిన తమ్మెలోకి కూరుకుపోయి కోసి తీయవలసి రావడం పసిపిల్లల్లో జరిగే ప్రమాదమే.

ఆడికృత్తికకు తిరుత్తణిలోనూ, తై పూసానికి, పంగుని ఉత్తరానికి వడపళనిలోనూ బుగ్గకు శూలం గుచ్చుకుని కావడి మోసే భక్తులు విభూతి అద్దుకుని ఇంటికి వెళతారు, చాలామందికి ఏమీ కాదు. దానిని చూపి, నమ్మకం ఉంటే శుభ్రత అక్కరలేదని వాదించేవారున్నారు. బుగ్గకు రక్తప్రసారం సమృద్ధిగా ఉండడమూ, శూలం ఆ పూటే బయటికి రావడమూ అక్కడ త్వరగా మానడానికి కారణాలు. నగ అలా కాదు, గాయం మానుతున్నంత కాలమూ పరాయి వస్తువుగా లోపలే ఉంటుంది. భక్తి ఉన్నచోటా శూలం కొత్తదిగా, క్రిమిరహితంగా ఉండాలని కోరడం అపచారం కాదు.

మానే కాలం ఒక్కో చోటికి ఒక్కో తీరు: చెవి తమ్మెకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ముక్కుకు కొన్ని నెలలు, చెవి పై అంచుకు, బొడ్డుకు ఆరు నెలల నుంచి ఏడాది. ఈ కాలమంతా చేయవలసిన పని చాలా చిన్నది. సబ్బుతో చేతులు కడుక్కుని, మందుల దుకాణంలో దొరికే సెలైన్‌తో, లేదా కాచి చల్లార్చిన లీటరు నీటిలో తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి, రోజుకు రెండుసార్లు తడిపి, కట్టిన పొక్కు నాని తానే ఊడేలా చేసి, శుభ్రమైన గాజుగుడ్డతో అద్దాలి. కష్టమైనది చేయకుండా ఉండడమే. పోగును రోజూ తిప్పకపోతే అంటుకుపోతుందని పెద్దలు అంటారు, కాని తిప్పిన ప్రతిసారీ లోపల అప్పుడే అల్లుకుంటున్న లేత చర్మం తెగుతుంది. పసుపు, కొబ్బరినూనె రంధ్రాన్ని మూసి లోపలి ద్రవాన్ని బయటికి రానివ్వవు. పోగుకు బదులు రంధ్రంలో పెట్టే చీపురుపుల్లనూ వేపపుల్లనూ క్రిమిరహితం చేయడం సాధ్యం కాదు, వాటి పీచు లోపల విరిగి మిగులుతుంది. చెన్నై ఉక్కలో చెమట, తలనూనె, పౌడరు కలిసి చెవి వెనక పేరుకుంటాయి కనుక అక్కడ తుడవడం మరవకూడదు. హెల్మెట్ పట్టీ, దిండు గలీబు, చెవికి ఆనించే ఫోను శుభ్రంగా ఉండాలి, మెరీనాలో సముద్రస్నానాన్ని గాయం మానే వరకు వాయిదా వేయాలి.

తెల్లని పలచని ద్రవం ఊరి ఎండడం మానడంలో భాగమే. పచ్చని చిక్కని చీము, రోజురోజుకూ పాకే ఎరుపు, తాకితే వేడి, జ్వరం వస్తే మాత్రం ఆ రోజే వైద్యుణ్ణి చూడాలి, ముక్కు దగ్గర అయితే మరీ ఆలస్యం చేయకూడదు. ముఖమధ్యంలోని సిరలకు మెదడు అడుగున ఉన్న సిరలతో సంబంధం ఉంది. భయపడి నగను ఇంట్లోనే పీకేస్తే పైచర్మం మూసుకుని చీము లోపల నిలవవచ్చు, తీయాలా వద్దా అన్నది వైద్యుడే చెప్పాలి. మధుమేహం అదుపులో లేనివారు, గుండె కవాటాల జబ్బు ఉన్నవారు కుట్టించుకునే ముందే వైద్యుడి సలహా తీసుకోవాలి. ముదురు చాయ శరీరాల్లో కీలాయిడ్, అంటే గాయపు హద్దు దాటి గట్టిగా పెరిగే మచ్చ వచ్చే అవకాశం ఎక్కువ, తమ్మె దానికి ఇష్టమైన చోటు. దానిని కోసేసి ఊరుకుంటే మునుపటికంటె పెద్దదిగా తిరిగి రావచ్చు కనుక స్టెరాయిడ్ సూదిమందుతో చేసే చికిత్స నెలల పాటు సాగుతుంది. తల్లికో తండ్రికో, తోబుట్టువులకో అలాంటి మచ్చ ఉంటే రెండో రంధ్రం, మూడో రంధ్రం ఆలోచన మానుకుని, కుట్టకుండా అదిమి పెట్టుకునే కమ్మలతో సరిపెట్టుకోవడం మేలు.