తెర మీది ముక్కు

"సార్, ఇందులో ఉన్నట్టే వస్తదా?" కంప్యూటర్‌లో కూతురి కొత్త ముక్కు చూసి, సోలాపూర్ అశోక్ చౌక్ దగ్గరి నేతింటి తల్లి ఒకామె నన్ను అడిగింది. ముక్కు ఆపరేషన్లు చేసే ఏ డాక్టరైనా దాటవేయకూడని ప్రశ్న అది.

బొమ్మ మార్చడం తేలిక. పక్క నుంచి తీసిన ఫోటోలో ముక్కు దూలం మీది మిట్టను మౌస్‌తో అణిచి, కొనను కాస్త ఎత్తితే అయిపోతుంది. కానీ మనలో చాలామందికి ముక్కు కొన దగ్గర చర్మం మందం. లోపల మృదులాస్థిని ఎంత సన్నగా చెక్కినా ఆ నాజూకు పైకి పూర్తిగా తేలదు. వాపులో ఎక్కువ భాగం కొన్ని వారాల్లో తగ్గినా, కొన కుదురుకోవడానికి ఏడాది పట్టొచ్చు. పక్క నుంచి చూపించే బొమ్మను కొంతవరకు నమ్మొచ్చు, ఎదురుగా చూపించేదాన్ని అంతగా నమ్మలేం.

"గ్రాఫ్ కాగితం మీద గీసిన పువ్వు, చద్దర్ మీద నేసిన పువ్వు ఒక్కటేనా అమ్మా?" అన్నాను.

"ఎట్లయితది సార్? నూలు లావుంటే పువ్వు అంచు మొద్దుగొస్తది. అందుకే ముందు ఒక పీసు నేసి చూపిస్తరు" అంది.

ముక్కుకు ఆ నమూనా పీసు లేదు. నా భయమంతా అక్కడే.

ఒకప్పుడు మాత్రం ముక్కుకూ నమూనా లాంటిది ఒకటి చేసేవాళ్లు. 1794 అక్టోబరులో లండన్ 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' పుణె దగ్గర జరిగిన ఒక ఆపరేషన్ గురించి రాసింది. టిప్పు సుల్తాన్‌తో యుద్ధంలో పట్టుబడి ముక్కు పోగొట్టుకున్న కావస్‌జీ అనే బండివాడికి, ఇటుకలు చేసే కులానికి చెందిన వైద్యుడొకడు కొత్త ముక్కు కట్టాడు. ముందుగా పల్చటి మైనాన్ని మొండి ముక్కు మీదే అమర్చి, మంచి ముక్కులా మలిచాడు. దాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీసి, ఆ మేరకే చర్మం లేపి కిందికి తిప్పాడు. ఆ మైనం రోగి ముఖం కొలతను దాటి పోలేదు. మౌస్‌కు ఆ హద్దు లేదు.

అయినా నేను కంప్యూటర్ మానను. రోగి మనసులో మాట బయటికి రావడానికి దానంత సాయం ఇంకోటి లేదు. చిన్న ముక్కు కావాలని వచ్చిన ఆ అమ్మాయి తెర చూశాక, "మిట్ట పోతే చాలు సార్" అంది. నా చేతిలో అయ్యేదానికన్నా కొంచెం తక్కువే గీసి చూపిస్తాను. సెల్ఫీ చూసి ముక్కును తిట్టుకునేవాళ్లకు మరో మాట కూడా చెబుతాను: 12 అంగుళాల దూరం నుంచి తీస్తే, 5 అడుగుల నుంచి తీసినదానికన్నా ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆపరేషన్‌కు సిద్ధపడుతుంటే, తెర మీది బొమ్మ చూసి సంతకం పెట్టకండి. ఆ డాక్టరు చేతిలో ఆపరేషన్ అయినవాళ్ల ఫోటోలు, వాళ్ల అనుమతి ఉన్నవే, అడగండి. ముందు గీసిన బొమ్మ, ఏడాది తర్వాతి ముఖం పక్కపక్కన పెట్టి చూపించమనండి.