శక్తిమాన్ ధారావాహికలో కవిసమయములు

కథ వినువారు కథను గూర్చి వాదించుకొనుట తెలుగువారికి క్రొత్త కాదు. హరికథ ముగిసిన పిదప అరుగులపైనను, పురాణకాలక్షేపమునుండి ఇండ్లకు పోవు దారిలోను, ఆ ఘట్టమున కర్ణుడట్లు పలుకవచ్చునా, కీచకుడంత సులభముగా మోసపోవుట పొసగునా అని తర్కించుకొనుట మనకు తరతరముల వినోదము. ఇరువదవ శతాబ్ది చివరి భాగమున ఆ అరుగుమీదికి దూరదర్శన్ ధారావాహిక కూడ వచ్చి కూర్చున్నది. అద్భుతశక్తులుగల నాయకుల కథలపై అభిమానము కలవారు కలిసికొన్నచోట నెల్ల చర్చించునది కథను కాదు, కథ నడచు మర్యాదలను. కళ్లజోడు పెట్టుకొన్నంత మాత్రమున నాయకుని ఎవరును గుర్తింపకుండుట యేమి? ప్రతినాయకుడు తానే రాక అనుచరుల నొకరివెనుక నొకరిని పంపుట యేమి? నాయకుడు ఎల్లప్పుడును కడపటి క్షణముననే వచ్చుట యేమి? ఇట్టి మర్యాదలను ఆంగ్లమున 'ట్రోప్' అందురు. గ్రీకుభాషలో మలుపు అను అర్థముగల పదమునుండి పుట్టిన ఈ మాట మొదట అలంకారమునకు పేరై, పిమ్మట పెక్కు కథలలో మరల మరల కనబడు కల్పనకు పేరైనది.

ఈ చర్చను బాలుర కాలక్షేపమని త్రోసివేయుట పండితులలో పరిపాటి. అది న్యాయము కాదు. అభిమానులు పేరు తెలియక తడుముకొనుచున్న విషయమును మన ఆలంకారికులు వేయి సంవత్సరములకు పూర్వమే పేరుపెట్టి విభజించియున్నారు. దానిని 'శక్తిమాన్' ధారావాహిక ఆధారముగా పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ధారావాహిక స్వరూపము

'శక్తిమాన్' హిందీ ధారావాహిక. దూరదర్శన్ జాతీయ ప్రసారములో 1997 సెప్టెంబరులో మొదలై 2005 మార్చిలో ముగిసినది. దినకర్ జానీ దర్శకుడు. ముకేశ్ ఖన్నా నిర్మాతయు నాయకపాత్రధారియు. బి. ఆర్. చోప్రా 'మహాభారత్' ధారావాహికలో భీష్ముడుగా దేశమంతట పరిచితుడైన నటుడీతడే. 2020 ఏప్రిల్‌లో కరోనా వ్యాధి కారణమున జనులు ఇండ్లకు పరిమితులైయున్నపుడు దూరదర్శన్ దీనిని పునఃప్రసారము చేసినది. బాల్యమున చూచినవారు తమ బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని రెండవమారు చూచుటకు వీలుపడినది. ఒకే కథను రెండు వయస్సులలో చూచినవానికి మొదట కానరాని అతుకులు కానవచ్చును గనుక చర్చయు పెరిగినది.

కథాసారము ఇది. సూర్యాంశి గురువులు ఒక మానవుని తపస్సుచే సిద్ధుని గావింతురు. కుండలినీ జాగరణముచేతను, సప్తచక్రముల బలముచేతను, పంచభూతముల సహాయముచేతను అతడు శక్తిమాన్ అగును. లోకములో మాత్రము అతడు 'ఆజ్ కీ ఆవాజ్' పత్రికలో ఛాయాచిత్రకారుడు. గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకారనాథ శాస్త్రి అని మూరెడు పేరుగలవాడు. గుండ్రముగా తిరిగినంతనే వేషము మారును. అదే పత్రికలో గీతా విశ్వాస్ విలేఖరిణి. అంధకారమే నిలిచియుండవలెనని పలుకు తమ్రాజ్ కిల్విష్ ప్రతినాయకుడు. ఆ పాత్రను సురేంద్రపాల్ ధరించెను.

ఈ చట్రము పరదేశమునుండి వచ్చినదని వేరుగ చెప్పనక్కరలేదు. 1938లో అమెరికాలో అచ్చుబొమ్మల కథగా వెలువడిన 'సూపర్‌మాన్' నాయకుడును పత్రికావిలేఖరియే. అతనికిని కళ్లజోడే మరుగు. కాని అతని బలము అన్యగ్రహమున జన్మించుటవలన అప్రయత్నముగా కలిగినది. శక్తిమాన్ బలము సాధనవలన లభించినది. చట్రము ఎరువు తెచ్చుకొన్నదైనను వేరు ఈ నేలలో దిగినది.

మూడు తెగలు

రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో కవిసమయమును విచారించినాడు. శాస్త్రమునకును లోకమునకును సరిపడకున్నను, పరంపరగా కవులు పాటించుచు వచ్చిన అర్థమే కవిసమయము. అది మూడు విధములని ఆయన చెప్పెను: లేనిదానిని చెప్పుట, ఉన్నదానిని చెప్పకుండుట, పెక్కుచోట్ల ఉన్నదానిని ఒకచోటికే నియమించుట. నదులలో తామరలను వర్ణించుట మొదటిది. వసంతమున మాలతిని వర్ణింపకుండుట రెండవది. ముత్యములు తామ్రపర్ణిలోనే కలవనుట మూడవది.

శక్తిమాన్ అభిమానుల ప్రశ్నలను ఈ మూడు గూళ్లలో అమర్చినచో ఒక్కటియు మిగులదు. కళ్లజోడుచే ముఖము మరుగగుట లేనిదానిని చెప్పుట. నాయకుడు కార్యాలయమునుండి మాటిమాటికి మాయమైనను ఉద్యోగము పోకుండుటయు, పోరాటములో కూలిన గోడకు వెల యెవరు కట్టిరో తెలియకుండుటయు ఉన్నదానిని చెప్పకుండుట. గుండ్రముగా తిరిగిననే రూపము మారుననుట, కడపటి క్షణముననే రక్షకుడు వచ్చుననుట నియమము. నదిలో తామర యెట్లు పూచెనని పద్యము చదువువాడు అడుగడు. అడుగవలసిన ప్రశ్న వేరు. ఆ తామరవలన పద్యమునకు ఒనగూడిన దేమి? క్షేమేంద్రుడు ఔచిత్యమని చెప్పినది ఇట్టిదే. సమయము దోషము కాదు. ప్రయోజనములేని సమయమే దోషము. అభిమానులలో ఒకడు 'ఇది పాతచింతకాయ' అని విసుగుకొనుచు, మరియొకడు 'అది లేనిదే కథ యెక్కడిది' అని వాదించునపుడు, ఇరువురును సగము సగము సత్యమును పట్టుకొన్నవారే.

వేషము - దాని వెల

మారువేషపు కథలలో తెలుగువారికి కొలబద్ద విరాటపర్వము. తిక్కన సోమయాజి భారతరచనను ఆ పర్వముతోనే ఆరంభించెను. వర్షములకై విరాటపర్వమును చదివించుకొను ఆచారమును మనకు కలదు. అందు పాండవుల వేషములను విరాటుని కొలువు నమ్ముట కూడ కవిసమయమే. అంతటి భీముని వంటవాడని నమ్ముట యెట్లు? అయినను చదువరి ఆ ప్రశ్న వేయడు. ఏలయన, ఆ వేషమునకు గడువు కలదు, వెల కలదు. సంవత్సరములోపల గుర్తింపబడినచో మరల పన్నెండేండ్ల అరణ్యవాసము. ద్రౌపది అవమానింపబడినపుడు భీముడు కోపము నణచుకొనవలెను, అణచుకొనలేడు. రాత్రివేళ నర్తనశాలలో కీచకుడు చచ్చును. ఆ చావువార్తయే దుర్యోధనునికి అనుమానము కలిగించి గోగ్రహణమునకు దారితీయును. వేషమే కథను నడపుచున్నది.

ఈ కొలబద్దతో చూచినచో గంగాధర్ వేషము కొన్నియెడల తేలిపోవును. అతడు గుర్తింపబడినచో కలుగు నష్టమేమియో పెక్కు భాగములలో ప్రేక్షకునికి తోపదు. గీత అతని ప్రక్కనే కూర్చుండి శక్తిమానును గూర్చి పలవరించుట మొదట రసవంతముగనే యున్నను, మరల మరల వచ్చినపుడు ముందునకు సాగని హాస్యమగును. ఈ ఆక్షేపణము యుక్తమైనది.

కాని ఆక్షేపించువారు సాధారణముగా గమనింపని గుణమొకటి ఇందు కలదు. సంస్కృత నాటకములలో నాయకుడు వేరు, విదూషకుడు వేరు. ఇక్కడ ఇరువురును ఒక్క శరీరములో నున్నారు. ముందుకు వచ్చిన పలువరుస, కళ్లజోడు, పాతకాలపు శాస్త్రులవారిని తలపించు పేరు, నవ్వు పుట్టించు మాటతీరు, ఇవి గంగాధర్ లక్షణములు. నిన్నటిదాక భీష్ముడుగా గంభీరముగా నిలిచిన నటుడే ఈ వేషము వేయుటచే నవ్వు రెట్టింపైనది. అతనిని చుట్టుప్రక్కలవారు గుర్తింపకుండుటకు కళ్లజోడు కారణము కాదు. వారి నవ్వే కారణము. ఎవనిని చూచి నవ్వుదుమో వానిని మనము నిదానించి చూడము. ఈ లోకసత్యమును ఆ కవిసమయము మోయుచున్నది.

పరరాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు ఈ విషయమును విడమరచి చెప్పనక్కరలేదు. ఇంటి పేరును ఉపాధ్యాయుడు పలుకలేక తడబడినపుడును, తెలుగు యాస దొరలిన కన్నడమునకో, మరాఠీకో, ఒడియాకో తోటిపిల్లలు నవ్వినపుడును, గంగాధర్ పడిన పాటు ఎట్టిదో వారికి అనుభవమే. నవ్వబడిన పేరుగలవానికే బలము నిచ్చిన కథ వారికి ఇష్టమగుటలో వింత లేదు. గంగాధర్ ఘట్టములను వట్టి కాలహరణమని కొట్టివేయువారు ఈ మర్మమును విడిచిపెట్టుచున్నారు.

కథను ఆపుటలో నేర్పు

రెండవ వివాదము విరామమును గూర్చినది. అపాయము ముదిరినచోట కథ నాపి, మరునాటికో మరువారమునకో ప్రేక్షకుని కట్టివేయుట ధారావాహికలకు సామాన్యధర్మము. అమెరికాలో 1966 జనవరి మొదలు 1968 మార్చి వరకు నడచిన 'బాట్‌మాన్' ధారావాహిక దీనిని పరిహాసప్రాయమగునంతవరకు సాగదీసినది. మొదటి రెండు సంవత్సరములలో వారమునకు రెండు సాయంకాలములు ప్రసారము. మొదటినాడు నాయకుడు చావుయంత్రములో చిక్కును, రెండవనాడు తప్పించుకొనును. చూచువారికి అతడు చావడని తెలియును. చూపువారికిని ఆ సంగతి వారికి తెలియునని తెలియును. ఆ పరస్పరజ్ఞానమే అందలి వినోదము.

తెలుగులో ఈ నేర్పు ఇంతకంటె అర్థవంతముగా కనబడును. పాలవేకరి కదిరీపతి 'శుకసప్తతి'లోను, అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి'లోను పక్షి రాత్రికొక కథ చెప్పుచు స్త్రీని గడప దాటనీయదు. కథ ముగియునప్పటికి తెల్లవారుచుండును. అక్కడ కథ చెప్పుటయే రక్షణకార్యము. 'శక్తిమాన్'లో విరామము పెక్కుమారులు కాలపరిమితికి మాత్రమే లోబడినది. కిల్విష్ తన అనుచరుల నొకరివెనుక నొకరిని పంపుటకును కారణమిదియే: ప్రతినాయకుడు ఓడినచో ధారావాహిక ముగియవలెను. దానిని దాచుటకు కథలో తగిన హేతువు కల్పింపకుండుట రచయితల లోపము. ఏండ్లతరబడి సాగు కథకు ఇది తప్పదనువారు కలరు. తప్పనిది క్షమింపదగినదే, గుణమని మాత్రము చెప్పరాదు.

నాట్యధర్మి, లోకధర్మి

ఈ చర్చ కేవలము వినోదము కాదనుటకు ప్రబలమైన కారణము కలదు. ధారావాహిక ప్రసారమగుచున్న దినములలో, శక్తిమాన్ వచ్చి రక్షించునను నమ్మకముతో పిల్లలు కొందరు ప్రమాదములకు లోనైరని పత్రికలలో వార్తలు వచ్చినవి. ఆ నిందను ముకేశ్ ఖన్నా అంగీకరింపలేదు. తన సాహసములను అనుకరింపవలదని నాయకుడే తెరపై బాలురకు చెప్పుటయు జరిగినది. ఆ వార్తలలోని సత్యమెంత యనునది అటుంచి, విమర్శకుడు గమనింపవలసినది ఒకటి కలదు. కడపటి క్షణమున రక్షకుడు వచ్చుననుట కవిసమయము. అది సమయమని తెలియని పసివానికి అది లోకనియమముగనే తోచును.

భరతముని నాట్యమున రెండు ధర్మములను చెప్పెను. లోకమున నున్నదున్నట్లు చూపుట లోకధర్మి. సంకేతములచే చూపుట నాట్యధర్మి. వీథిభాగవతమున తెర మరుగునుండి నాయిక వెలువడినపుడు ఆమె అంతఃపురమునుండి వచ్చుచున్నదని గ్రహింపగల పల్లెవానికి ఈ భేదము ఎవరును బోధింపలేదు. పలుమారులు చూచి, ప్రక్కవానితో వాదించి నేర్చుకొనినాడు. అద్భుతనాయకుని అభిమానుల చర్చయు ఈ పనియే చేయుచున్నది. 'ఇది కథలో మాత్రమే జరుగును' అని ఒక బాలుడు మరియొకనితో చెప్పినపుడు అతడు నాట్యధర్మిని లోకధర్మినుండి వేరుచేసినాడు. హెచ్చరిక చేయలేని మేలు ఈ వివేకము చేయును.

ప్రతి భాగము చివర వచ్చు నీతిఘట్టములను కూడ ఈ దృష్టితోనే చూడవలెను. బాలుడు చిన్నతప్పు చేయును; శక్తిమాన్ ప్రత్యక్షమై మందలించును; బాలుడు క్షమాపణ చెప్పును. కథకు ఇది అతుకని కొందరు, ఇదియే తమకు మిగిలిన జ్ఞాపకమని కొందరు అందురు. చిన్నయసూరి 'నీతిచంద్రిక'లో నీతి కథలోనుండి పుట్టును. ఇక్కడ కథ ముగిసినపిదప వేరుగ వచ్చును. కళాదృష్టిచే మొదటిదే మేలు. కాని ఈ ఘట్టములలో నాయకుడు ఎగురడు, పోరాడడు. పండ్లు తోముకొనుటవంటి బాలుర నిత్యకృత్యములను గూర్చి మాటలాడును. అద్భుతమునుండి నిత్యజీవితమునకు దింపు మెట్టు అది. ఆ మాత్రము ఔచిత్యము దానికి కలదు.

ముగింపు

శక్తిమాన్ మహాకావ్యము కాదు. అందు చర్వితచర్వణము కలదు, హేతుశైథిల్యము కలదు. అయినను దానిని చూచి పెరిగినవారు కథనమర్యాదలను విడదీసి పరీక్షించుట నేర్చిరి; అది విమర్శకు ఓనమాలు. వారికి లేనిది పదసంపద మాత్రమే. సోలాపురములోనో, బరంపురములోనో, హోసూరులోనో తెలుగు చదువుకొను బాలుడు ఈ మర్యాదలకు పేరు కావలసి ఆంగ్లపు మాటను వెదకుకొనుచున్నాడు. కవిసమయము, ఔచిత్యము, నాట్యధర్మి అను మాటలు అతని పాఠ్యపుస్తకములోనే యున్నను, అవి చకోరములకును చంద్రికలకును మాత్రమే చెల్లునని అతడు తలచుచున్నాడు. ఆ మాటలు అతని శక్తిమానుకును చెల్లునని చూపినచో రెండు లాభములు కలుగును. అతని చర్చకు పదును వచ్చును. పరీక్షకొరకు కంఠస్థము చేసిన తెలుగు అతనికి ఆలోచించుటకు పనికివచ్చు భాషయగును. పరిసరభాషల నడుమ తెలుగును నిలుపుకొనగోరువారికి ఈ రెండవ లాభము చిన్నది కాదు.