నాయకత్వాన్ని ఏ కొలతతో కొలుస్తున్నాం?

దళిత ఉద్యమ చరిత్రను మనం రాసుకున్న తీరు చూస్తే, అది చాలావరకు మగ నాయకుల పేర్ల వరుసగానే కనబడుతుంది. ఆ పేర్లు చిన్నవని మేం అనడం లేదు. అయితే నాయకత్వం గురించిన ఆలోచన దశదశకూ ఎట్లా మారిందో ఆ వరుస మనకు చెప్పదు.

1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, 1917 బెజవాడ సభకు అధ్యక్షుడయ్యాడు. 'పంచములు' అన్న పేరును కాదని 'ఆది ఆంధ్రులు' అనిపించింది ఆ సభే. అప్పటికి నాయకత్వమంటే మన పేరు మనం పెట్టుకోవడం.

1932 పూనా ఒడంబడికతో ప్రశ్న మారింది. రిజర్వుడు సీట్లో నిలబడేది మనవాడే, గెలిపించేది మాత్రం ఊరంతా. అట్లాంటప్పుడు అతను ఎవరికి జవాబు చెప్పాలి, వాడకా, పార్టీకా? ఈ ప్రశ్న ఇప్పటికీ తెగలేదు. రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారితీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించాడు. ఆయన విగ్రహానికే దండ వేసి ఆ మాట మరిచిపోయేవాళ్లం మనం.

1985 కారంచేడు తర్వాత దళిత మహాసభ వచ్చింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు వంటివాళ్లు పార్టీల బయట నాయకత్వాన్ని నిలబెట్టారు. ఇది గుణాత్మకమైన మార్పే. కానీ అంతకుముందు మంచినీటి చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురు నిలిచింది మున్నంగి సువార్తమ్మ. మన రాతల్లో ఆమెది 'సంఘటన', తర్వాత మాట్లాడిన మగవాళ్లది 'నాయకత్వం'. ఈ కొలత మాకు ఒప్పుదల కాదు.

1994లో మొదలైన దండోరా, 'దళితులు' అనే ఒక్క పేరు కింద ఎవరి వాటా ఎవరికి పోతోందని నిలదీసింది. వర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తేల్చింది. కులాల మధ్య వాటా అడిగిన ఉద్యమం, వేదికమీద ఆడవాళ్ల వాటా సంగతి కూడా అంతే గట్టిగా అడగాలి కదా?

అందుకే మేం గోగు శ్యామల 'నేనే బలాన్ని' పుస్తకాన్ని ముఖ్యమనుకుంటున్నాం. మంత్రిగా పనిచేసి, తర్వాత దండోరాకు అండగా నిలిచిన టి.ఎన్. సదాలక్ష్మి బతుకుకథ అది. 2011 దాకా మనకు అట్లాంటి పుస్తకం లేకపోవడం ఆమె లోపమా, మనదా?

కార్యకర్తలను, విద్యార్థులను మేం కోరేది ఒక్కటే. ఈసారి ఒక వాడ పోరాటం గురించి రాసేటప్పుడు, మైకు ఎవరు పట్టుకున్నారని మాత్రమే కాదు, మొదట ఎవరు ఎదురు తిరిగారని కూడా అడగండి. ఆ పేరు రాయండి.