లూయిస్ మాట, గని కార్మికుల ఓటు

ఈ వారం ఒక బొగ్గు గనుల ఊళ్లో కార్మిక సంఘం సభకు వెళ్లాను. ప్రధాన వక్తను పరిచయం చేస్తూ అధ్యక్షుడు, "చేతిలో కాగితం ముక్క కూడా లేకుండా గంటసేపు అనర్గళంగా మాట్లాడగల దిట్ట" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆయన నిజంగానే గంటకు పైగా మాట్లాడారు. సభ అయ్యాక బయట టీ తాగుతున్నవాళ్లను సమ్మె నోటీసులో ఏమేం డిమాండ్లున్నాయని అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. నాకు ఒళ్లు మండింది.

ఉపన్యాసం రాసుకుని రావాలని, చూసి చదవడం నామోషీ కాదని ఇదే చోట ఎన్నోసార్లు రాశాను. షిఫ్టు దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా వచ్చి కూర్చున్న మనిషి సమయం తీసుకుంటున్నాం. ముందు రోజు రాత్రి కూర్చుని నాలుగు ముక్కలు రాసుకోవడం కనీస మర్యాద. ఈ సంగతి ఎత్తినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది అమెరికా గని కార్మికుల నాయకుడు జాన్ ఎల్. లూయిస్.

1880లో అయోవా రాష్ట్రంలోని లూకస్ అనే బొగ్గు పట్టణం ప్రాంతంలో పుట్టాడు. తండ్రి వేల్స్ నుంచి వలస వచ్చిన గని కార్మికుడు. తనూ గనిలో దిగినవాడే. బైబిలూ షేక్‌స్పియరూ నాలుక మీద ఉండేవి. నైపుణ్యం ఉన్నవాళ్లను వృత్తుల వారీగా చేర్చుకునే పాత సమాఖ్యతో తలపడి, ఫ్యాక్టరీలో ఊడ్చేవాడి నుంచి బిగించేవాడి దాకా అందరికీ ఒకే సంఘం అంటూ 1935లో సీఐఓ అనే పారిశ్రామిక సంఘాల కూటమిని నిలబెట్టాడు. మరుసటేడు అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ గెలుపు కోసం గని కార్మికుల సంఘం దాదాపు 5 లక్షల డాలర్లు ఇచ్చింది. 1937 మే 30న చికాగోలో రిపబ్లిక్ స్టీల్ మిల్లు దగ్గర సమ్మెదారుల మీద పోలీసులు కాల్పులు జరిపితే 10 మంది చనిపోయారు. అంత జరిగాక రూజ్‌వెల్ట్, షేక్‌స్పియర్ నాటకంలోని శాపాన్ని అరువు తెచ్చుకుని, యాజమాన్యానికీ సంఘానికీ కలిపి తెగులు తగలాలన్నాడు.

సెప్టెంబరు 3న లూయిస్ రేడియోలో జవాబిచ్చాడు. దాని కూర్పు చూడండి. మొదటే కోపం చూపించలేదు. ఏ కంపెనీలు సంఘాన్ని గుర్తించాయో, ఏవి మొండికేశాయో వరసగా చెప్పుకొచ్చాడు. నిరాయుధుల్ని చంపితే బాధ్యత గల అధికారి ఒక్కడూ బహిరంగంగా ఖండించలేదన్నాడు. చివరికొచ్చాక, ఎవరి పేరూ ఎత్తకుండానే, శ్రామికుల ఇంట తిని, వాళ్ల పంచన తలదాచుకున్నవాడు వాళ్లనూ వాళ్ల శత్రువులనూ ఒకే నోట శపించడం తగదన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో తెలుగువాళ్లకు వివరించక్కర్లేదు. ముందు లెక్క అప్పజెప్పి, నిష్ఠూరాన్ని చివరి దాకా దాచుకోవడం కాగితం మీద రాసుకున్నవాడికే చేతనవుతుంది.

అయితే అదే ఏడాది జనవరిలో, ఎవరూ రాసుకోని ఉపన్యాసం ఒకటి జరిగింది. మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో జనరల్ మోటార్స్ కార్మికులు 1936 డిసెంబరు 30 నుంచి పని ఆపి, బయటికి రాకుండా యంత్రాల దగ్గరే బైఠాయించారు. జనవరి 11న, గడ్డకట్టే చలిలో, ఫిషర్ బాడీ రెండో నంబరు ప్లాంటుకు కంపెనీ హీటింగ్ ఆపేసింది, అన్నం లోపలికి పోకుండా గేటు మూయించింది. పోలీసులు బాష్పవాయువుతో దిగారు. లోపలివాళ్లు కారు తలుపుల మడతబందులు విసిరారు, అగ్నిమాపక గొట్టాలు తిప్పి నీళ్లు కొట్టారు. తుపాకులు పేలాయి. బయట సంఘం మైకుల బండిలో కార్యకర్త విక్టర్ రూథర్ అంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. బ్యాటరీలు అయిపోవస్తున్నాయి.

అప్పుడు మైకు తీసుకున్నది జెనోరా జాన్సన్. వయసు 23. భర్త అదే ఊళ్లో షెవ్రొలే కార్మికుడు. ఆమె ముందు పోలీసుల్ని నిలదీసింది: పిల్లల తండ్రులు, చేతిలో ఆయుధం లేనివాళ్లు, వాళ్ల మీదనా కాల్పులు? తర్వాత పోలీసు వరసల వెనక గుమిగూడిన జనంలోని ఆడవాళ్ల వైపు తిరిగింది. వరసలు దాటుకుని రండి, మీ అన్నదమ్ముల పక్కన, మీ భర్తల పక్కన, మీ కొడుకుల పక్కన నిలబడండి అంది. ఒకావిడ కదిలింది. పోలీసొకడు వెనక నుంచి కోటు పట్టుకుంటే, ఆ కోటు అక్కడే వదిలేసి చలిలో నడిచింది. ఆమె వెనక మరొకరు, ఆ వెనక ఇంకొందరు. ఆడవాళ్ల వీపుల మీద కాల్చడానికి పోలీసులకు చేతులు రాలేదు. ఆ తర్వాతే ఎర్ర టోపీల మహిళా దళం పుట్టింది. అంతకు ముందు ఏ చిన్న మీటింగుకూ వెళ్లని ఇల్లాళ్లకు మాట్లాడటం నేర్పే తరగతులు కూడా ఆ సమ్మెలోనే నడిచాయి. ఫిబ్రవరి 11న, 44వ రోజున, జనరల్ మోటార్స్ ఒక్క పేజీ ఒప్పందం మీద సంతకం చేసింది.

లూయిస్ కాగితం గొప్పదా, జెనోరా గొంతు గొప్పదా అని నేను చాలాకాలం తూకం వేస్తూ వచ్చాను. రెండు పక్కలా మాట్లాడేవాళ్లనే చూశాను గానీ, వినేవాళ్ల వైపు చూడలేదు. చూడాల్సింది 1940.

ఆ అక్టోబరు 25న లూయిస్ మళ్లీ రేడియోలో మాట్లాడాడు. రూజ్‌వెల్ట్ మూడోసారి వస్తే దేశాన్ని యుద్ధంలోకి దించుతాడు, రిపబ్లికన్ అభ్యర్థి వెండెల్ విల్కీకి ఓటెయ్యండి అన్నాడు. రూజ్‌వెల్ట్‌ను గెలిపిస్తే నా మీద మీకు నమ్మకం లేనట్టే లెక్క, సీఐఓ అధ్యక్ష పదవి వదిలేస్తా అని కూడా అన్నాడు. అదే గొంతు, అదే పట్టు. కోట్ల మంది విన్నారు. విన్న కార్మికులు వెళ్లి రూజ్‌వెల్ట్‌కే ఓటేశారు. బొగ్గు గనుల ప్రాంతాల్లోనూ అంతే. లూయిస్ అన్న మాట ప్రకారం నవంబరులో దిగిపోయాడు. ఫిలిప్ మరే ఆ కుర్చీలోకి వచ్చాడు.

దీన్ని ఒక మహావక్త ఓటమిగా చెప్పుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆ ఉద్యమం సాధించిన గొప్ప విజయాల్లో ఒకటిగా కనిపిస్తోంది. రైల్వే కార్మికుల నాయకుడు యూజీన్ డెబ్స్ అంతకు ఎన్నో ఏళ్ల ముందే కార్మికులకు చెప్పేవాడు: మిమ్మల్ని స్వర్గానికి నడిపించగలిగినా నేను నడిపించను, నేను లోపలికి తీసుకెళ్లగలిగితే ఇంకొకడు బయటికి తీసుకురాగలడు అని. యుద్ధానికి వ్యతిరేకంగా చేసిన ఒక్క ఉపన్యాసానికి 1918లో పదేళ్ల జైలు శిక్ష పడినవాడు ఆ మాట అన్నాడు. 1940లో గని కార్మికులు డెబ్స్ కోరుకున్న శ్రోతలయ్యారు.

అలాగని వాళ్లు లూయిస్‌ను విడిచిపెట్టలేదు. గని కార్మికుల సంఘానికి 1960 దాకా ఆయనే అధ్యక్షుడు. 1943లో, యుద్ధం నడుస్తుండగా, రోజుకూలి 2 డాలర్లు పెంచాలని, గనిలోకి దిగి బొగ్గు తవ్వే చోటికి చేరే సమయానికి కూడా కూలి కట్టాలని ఆయన పట్టుబట్టాడు. పత్రికలు దేశద్రోహి అన్నాయి. ప్రభుత్వం గనుల్ని స్వాధీనం చేసుకుంది. మూడేళ్ల కిందట ఆయన చెప్పిన ఓటు వెయ్యని గనుల్లోనే, ఈసారి 4 లక్షల మందికి పైగా పని ఆపారు. కూలి గురించి ఆయన చెప్పిన లెక్క వాళ్ల ఇంటి లెక్కతో సరిపోయింది.